వదులు

పొద్దుగాల ఐదింటికి కాజీపేట చలి
ఇనుప వాసనొస్తది.
భుజాన సుత్తె, సంచిల ఎర్రజెండా, పచ్చజెండా,
టిఫిన్ల రాత్రి మిగిలిన జొన్నరొట్టె.
పేరుకు కీమన్‌ను. కీలు పొయ్యి క్లిప్పులొచ్చి ఏండ్లయింది.
పేరు మాత్రం అట్లనే ఉన్నది,
బాప్తిస్మం నాడు పెట్టిన పేరు లెక్క.

హసన్‌పర్తి దిక్కు ఆరు కిలోమీటర్లు.
పోయేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు ఇంకో పట్టా.
నిన్న కొట్టిన క్లిప్పునే ఇయ్యాల మళ్ల కొడుత.
కొత్తగొచ్చిన పిలగాడు ఓదెలు నవ్విండు:
"నిన్ననే బిగించినవ్ గదా కాకా?"
నిన్నటి సంది ఎన్ని బండ్లు పోయినయ్ బిడ్డా!
రామగుండం బొగ్గుబండి ఒక్కటి చాలదా?
బరువు పట్టాను ఒక్కపారే ఇరగ్గొట్టదు.
ముందుగాల వదులు చేస్తది.

పందొమ్మిదేండ్లల్ల పగిలిన పట్టా
ఒక్కపారే దొరికింది, డిసెంబరు మంచుల,
వెంట్రుకంత సన్నగ.
మిగిలిన దినాలన్ని ఏం దొరకని దినాలే.
ఇంటికొస్తె మా సుగుణ రోజూ అడుగుతది:
"ఇయ్యాల ఏమన్న దొరికిందా?"
"ఏం లేదు" అంట.
ఆ ఏంలేదుకే నాకు జీతం.

పోయినేడు వానకాలం
ప్రార్థన ఇడిసిపెట్టిన.
కోపంతోటి కాదు, అనుమానంతోటి కాదు.
డబల్ డ్యూటీ, చిట్టీ పైసలు, బిడ్డ నర్సింగు ఫీజు.
మంచం మీద ఒరిగితె
దేవునికంటె ముందు నిద్ర వచ్చేది.
ఆదివారం చర్చికి పోయిన. చందా ఏసిన.
పాస్టరయ్య అడిగితె లేచి
అందరి కోసం ప్రార్థన గూడ చేసిన.
గొంతు బాగనే లేసింది.
ఏం కూలిపోలే.
బండ్లు నడిచినయ్.

ఒకనాడు బిడ్డ షారోను చాయ ఒలకపోసింది.
నేను అన్న మాట ఇక్కడ రాయను.
గ్లాసు దొర్లి దొర్లి ఆగినంక గూడ
ఆ మాట చప్పుడు ఆగలే.
చేతుల సుత్తె లేకున్నా నాకు ఎరుకైంది.
గట్టి క్లిప్పు గంట లెక్క పలుకుతది,
వదులుది పగిలిన కుండ లెక్క.

ఆ రాత్రి లైటు బందు చేసి పీట మీద కూసున్న.
"పరిశుద్ధుడవైన తండ్రీ" అని మొదలువెట్టి ఆగిన.
అది మైకు ముంగటి గొంతు.
మళ్ల మొదలువెట్టిన:
"నాయినా, పొద్దుగాల నుంచి నడుస్త,
నువ్వు గూడ రా."
షారోను మొఖం దగ్గర ఆగిన. తట్టిన.
మేస్త్రీకి చెప్పిన అబద్ధం, చిన్నదే. తట్టిన.
తమ్ముడు తిమోతి.
అక్కడ చానాసేపు నిలవడ్డ.
ఉనికిచర్ల జాగ పంచాయితి,
పదకొండు నెలలాయె మాటల్లేక.
అంత తుప్పు ఒక్క దెబ్బకు ఊడదు.
నూనె పొయ్యాలె. రేపు రావాలె. ఎల్లుండి రావాలె.

అప్పటి సంది రోజూ పావుగంట ఆ తొవ్వ.
ఒక్కోనాడు సగంల కునుకు పడుత.
ఒక్కోనాడు కంకర మీద నా పక్కన
ఇంకో జత చెప్పుల చప్పుడు ఇనొస్తది.
చాన దినాలు అది గూడ ఉండదు,
కీచురాళ్లు, దూరంగ లోకోషెడ్డు హారను.
దానికి నేను బాధపడ.
ఏం దొరకని దినాలు నాకు అలవాటే.

షారోనును మాఫ్ చెయ్యమని అడిగిన.
"చాయకా డాడీ?" అనుకుంట ఫోనుల మొఖం పెట్టి నవ్వింది,
కండ్లు మాత్రం తుడుసుకుంది.
నిన్న తిమోతికి ఫోన్ కొట్టిన.
రింగు పోయింది, పోయింది. ఎత్తలే.

చీకట్లకెల్లి సుగుణ అడిగింది:
"ఏమన్న దొరికిందా?"
"ఒకటి దొరికింది. ఇంక బిగియలే" అన్న.
సుత్తె తలుపు మూలకు ఆనిచ్చి
ఐదింటికి అలారం పెట్టుకున్న.